పోయిన కండ ఒక లెక్క, వాడని కండ ఒక లెక్క: రెండింటికీ పనికొచ్చే పద్ధతి

పిండికట్టు కోసేసిన రోజు నా ఎడమ కాలు నాదేనా అనిపించింది. బాత్‌రూమ్ గడప దగ్గర జారి, చీలమండ పైన ఎముక విరిగి, ఆరు వారాలు కట్టుతో మంచం మీదున్నాను. టైలర్ టేపు పెట్టి చూస్తే కుడి తొడకన్నా ఎడమ తొడ నాలుగు సెంటీమీటర్లు తక్కువ. పదేళ్లు స్క్వాట్లు (బరువు మోస్తూ కూర్చుని లేవడం) తీసిన కాలు అది. ఆసుపత్రిలో అడిగితే "నడుస్తూ ఉంటే అదే వస్తుందండీ" అన్నారు. రెండు నెలలు నడిచాను, టేపు కదల్లేదు. కుంటే మనిషి తనకు తెలియకుండానే బరువంతా బాగున్న కాలి మీద వేసేస్తాడు. మెట్టెక్కినా, కుర్చీలోంచి లేచినా పనంతా కుడికాలిదే. ఎడమది ఊరికే వెంట వచ్చేది.

కాలు కుదిరేలోపు ఒంటి పైభాగమైనా పెంచుదామని జిమ్‌లో బార్ పట్టుకుని వేలాడితే ఇంకో సంగతి బయటపడింది. ఒక్క పుల్-అప్ (గడ్డం బార్ పైకి వచ్చేదాకా ఒంటిని లాగడం) కూడా రాలేదు. అద్దంలో కనబడే ఛాతీకి పదేళ్లు బెంచ్ ప్రెస్ (పడుకుని బరువు పైకి తొయ్యడం) చేశాను కానీ, కనబడని వీపును ఎప్పుడూ పట్టించుకోలేదు. అలా ఒకే ఒంట్లో, ఒకే కాలంలో రెండు పనులు మొదలయ్యాయి. తొడ దాదాపు మూడు నెలల్లో వెనక్కి వచ్చింది. మొదటి పుల్-అప్‌కి ఎనిమిది నెలలు పట్టింది. మధ్యలో తొడకు చేయాల్సింది వీపుకీ, వీపుకు చేయాల్సింది తొడకీ చేసి రెండుచోట్లా దెబ్బతిన్నాను. మీకు ఆ దెబ్బలు తగలకుండా ఉండాలనే ఇది రాస్తున్నాను.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం

కండలోని ఒక్కో పోగూ ఒక్కో పొడవాటి కణం. మామూలు కణానికి ఒక కేంద్రకం (కణాన్ని నడిపే భాగం) ఉంటే కండపోగుకు వందలు, వేలు ఉంటాయి. బరువులెత్తి కండ పెరిగేటప్పుడు పక్కనే ఉండే శాటిలైట్ కణాలు వచ్చి పోగులో కలిసి, తమ కేంద్రకాలను దానికి ఇచ్చేస్తాయి. వ్యాయామం మానేస్తే పోగు సన్నబడుతుంది. ఓస్లో విశ్వవిద్యాలయం వాళ్లు 2010లో ఎలుకల మీద చూపించింది ఏమిటంటే, పోగు సన్నబడ్డాక కూడా ఆ కొత్త కేంద్రకాలు పోలేదు, మూడు నెలలైనా అలాగే ఉన్నాయి. మనుషుల్లో ఎన్నేళ్లు ఉంటాయన్నది ఇంకా వాదనలోనే ఉంది. దీనికి తోడు, కండలోని జన్యువుల మీద పడే రసాయన గుర్తులు కొన్ని విరామం తర్వాత కూడా నిలుస్తాయని 2018లో బ్రిటన్ పరిశోధకులు మనుషుల్లోనే చూపించారు. జిమ్‌లో మజిల్ మెమరీ అని తేలిగ్గా అనేస్తాం కానీ, అందులో కొంత కండలో ఉంది, కొంత నరాల్లో ఉంది.

ఫలితం మాత్రం స్పష్టం. 1991లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశోధనలో కొందరు మహిళలు 20 వారాలు కాళ్లకు బరువులతో సాధన చేసి, 30 వారాలకు పైగా మానేశారు. మళ్లీ మొదలుపెడితే 6 వారాల్లోనే చాలావరకు పాత స్థాయికి వచ్చారు. 2024లో ఫిన్లాండ్‌లోని యువాస్కులా విశ్వవిద్యాలయం వాళ్లు రెండు గుంపులను పోల్చారు. ఒక గుంపు ఆపకుండా 20 వారాలు చేసింది. రెండో గుంపు మధ్యలో 10 వారాలు పూర్తిగా మానేసి, మళ్లీ 10 వారాలు చేసింది. చివర్లో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. విరామంలో కండ తగ్గినంతగా బలం తగ్గలేదు కూడా. పెళ్లిళ్ల సీజనులో నెలరోజులు జిమ్ మానేసి, అంతా పోయిందని టెన్షన్ పడేవాళ్లకు ఇది చాలు.

ఎప్పుడూ వాడని కండ కథ వేరు. అక్కడ మొదట పెరిగేది కండ కాదు, మెదడు నుంచి వచ్చే ఆజ్ఞ. ఎన్ని పోగులను ఒకేసారి పిలవాలి, ఎంత వేగంగా పిలవాలి, అడ్డొచ్చే కండను ఎలా ఊరుకోబెట్టాలి అన్నది నరాలు నేర్చుకోవాలి. కొత్తవాళ్లలో తొలి వారాల బలమంతా ఎక్కువగా నరాలదేననీ, కండ పెరుగుదల వాటా ఆ తర్వాతే పైకి వస్తుందనీ 1979 నుంచీ తెలుసు. అందుకే కొత్తగా చేరిన కుర్రాడు నెలలో ఎత్తే బరువు బాగా పెంచేసినా, చొక్కా చేతులు అలాగే వదులుగా ఉంటాయి. వయసు దీనికి అడ్డు కాదు. 1990లో బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో 90 ఏళ్ల చుట్టుపక్కల ఉన్న పదిమందికి 8 వారాలు తొడ కండలకు బరువులతో సాధన చేయిస్తే బలం సగటున 174 శాతం పెరిగింది. తొడ కండ పరిమాణం పెరిగింది మాత్రం 9 శాతమే.

కాడి మరిగిన ఎద్దు ఎండాకాలమంతా కొట్టంలో నిలబడినా, తొలకరికి అరక కడితే రెండు సాళ్లలో దారికొస్తుంది. కోడెదూడకు ముందు కాడి అలవాటు చేయాలి, తర్వాతే దున్నకం. నా తొడ ఎద్దు, నా వీపు కోడె.

మెట్టు 1: మనిషికి కాదు, కండకండకూ లెక్క రాయండి

"నేను కొత్తవాణ్ణి", "నేను పాతవాణ్ణి" అనుకోవడమే మొదటి పొరపాటు. ఒక నోట్‌బుక్ తీసుకుని పేజీని మూడు నిలువు వరసలు చేయండి: తొయ్యడం, లాగడం, కూర్చుని లేవడం, నడుం వంచి ఎత్తడం, పిక్క, పొట్ట అని ఒక వరస. ఎదురుగా గతంలో ఎంతకాలం, ఎంత బరువుతో చేశారు. మూడో దాంట్లో ఇప్పుడెంత చేయగలరు.

కనీసం ఆరు నెలలు వరసగా, బరువు పెంచుకుంటూ సాధన చేసిన కండ అయితే తిరిగొచ్చే కండ కింద రాయండి. కాలేజీలో రెండు నెలలు జిమ్‌కి వెళ్లి ఫోటోలు దిగడం లెక్కలోకి రాదు. అయితే జిమ్ ఒక్కటే సాధన కాదు. తాలింఖానాలో దండాలు, బస్కీలు తీసినవాళ్లు, ఏళ్ల తరబడి ధాన్యం బస్తాలు మోసినవాళ్లు, కబడ్డీ ఆడినవాళ్లు అందరి కాళ్లకూ నడుముకూ జ్ఞాపకం ఉంటుంది. మా జిమ్‌లో ఒక మిల్లు కూలీ వచ్చి మొదటిరోజే డెడ్‌లిఫ్ట్‌లో (నేల మీది బరువును నడుం వంచి ఎత్తడం) అందరికన్నా ఎక్కువ ఎత్తాడు. ఓవర్‌హెడ్ ప్రెస్‌కి (బరువును తలపైకి తొయ్యడం) వచ్చేసరికి మాత్రం ఖాళీ బార్‌తోనే చేతులు వణికాయి. ఒకే మనిషి, రెండు లెక్కలు.

ఎడమ, కుడి విడిగా కొలవండి. టేపుతో తొడ కొలిచేటప్పుడు మోకాలి చిప్ప పై అంచు నుంచి 15 సెంటీమీటర్ల దగ్గర పెన్నుతో గుర్తు పెట్టి, ఎప్పుడూ అక్కడే, పొద్దున పూటే కొలవండి. వ్యాయామం అవగానే కొలిస్తే రక్తం చేరి ఉబ్బిన కండ అబద్ధం చెబుతుంది.

మెట్టు 2: కట్టు ఉండగానే మొదలుపెట్టొచ్చు

కట్టు కట్టినవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు మాత్రమే ఇది చదవండి. ఆరోగ్యంగా ఉన్న యువకుల కాలికి రెండు వారాలు కట్టు వేసి చూస్తే తొడ కండ సుమారు 8 శాతం తగ్గింది, బలం సుమారు 23 శాతం పోయింది. అంటే కండ కరిగినదానికన్నా ఆజ్ఞ మరచినది ఎక్కువ. అందుకని డాక్టరు ఒప్పుకున్న రోజు నుంచే కట్టులోపల తొడను బిగించి అయిదు సెకన్లు పట్టి వదలడం, రోజుకు నాలుగైదు సార్లు, పదేసి చొప్పున చేయండి. బాగున్న కాలికి కూడా బరువులతో సాధన చేయించండి. ఒక వైపు సాధన చేస్తే రెండో వైపూ కొంత బలపడుతుందని 1894లోనే యేల్ విశ్వవిద్యాలయంలో గమనించారు. ఇదేదో మాయ కాదు, మెదడు నేర్చుకున్నది రెండు పక్కలకూ కాస్త పంచుతుంది, అంతే. నాకు ఈ సంగతి కట్టు తీశాక తెలిసింది.

కట్టు తీశాక పిక్క ఒక్కటే వాచి, వేడిగా, నొక్కితే నొప్పిగా ఉంటే వ్యాయామం సంగతి పక్కనపెట్టి అదేరోజు ఆసుపత్రికి వెళ్లండి. రక్తం గడ్డకట్టడం అయ్యుండొచ్చు. దాంతోపాటు ఆయాసమో ఛాతీనొప్పో వస్తే క్షణం ఆలస్యం చేయొద్దు.

మెట్టు 3: తిరిగొచ్చే కండకు కళ్లెం వేయండి

ఇక్కడ ప్రమాదం నిదానం కాదు, వేగం. కండ వారాల్లో తిరిగొస్తుంది. ఆ కండను ఎముకకు కట్టే స్నాయువు, అదే మనం టెండన్ అనేది, అంత త్వరగా గట్టిపడదు. దానికి నెలలు పడుతుంది. అయిదో వారంలో నా తొడ "ఇంకా వేయి" అంది. వేశాను. పాత బరువులో 90 శాతం. ఆ రాత్రి నుంచి మోకాలి చిప్ప కింద సూది గుచ్చినట్టు నొప్పి పట్టుకుని మూడు వారాలు తిన్నది. కోచ్ తిట్టలేదు, "తొందరెందుకన్నా, ఎక్కడికీ పోదుగా" అన్నాడు. తిట్టి ఉంటేనే బాగుండేది.

విరామానికి కారణం దెబ్బ కాక ఉద్యోగం, ఊరు మారడం, బద్ధకం లాంటివైతే ఇలా చేయండి. మానేయకముందు పది రెప్స్‌కి, అంటే ఆపకుండా పదిసార్లు ఎత్తడానికి, వాడిన బరువును పునాదిగా తీసుకోండి. మొదటి వారం అందులో సగం, రెండే సెట్లు (మధ్యలో ఆగి రెండు విడతలు), వారానికి రెండుసార్లు. ఇంకో అయిదు రెప్స్ చేయగలను అనిపించేచోట ఆపేయాలి. రెండో వారం 60 శాతం, మూడో వారం 70 శాతం, మూడు సెట్లు. నాలుగో వారం 80 శాతం. అక్కడి నుంచి వారానికి 2.5 కిలోలకు మించి పెంచొద్దు. ఏడాదికి పైగా మానేస్తే సగానికి బదులు 40 శాతంతో మొదలుపెట్టండి. మొదటి వారం అవమానంగా ఉంటుంది, గులాబీరంగు డంబెల్స్ పట్టుకోవాల్సి రావొచ్చు. పట్టుకోండి.

మొదటిరోజే పాత బరువుతో వందల గుంజీలు తీసేవాళ్లకు ఒక హెచ్చరిక. విరామం తర్వాత ఒక్కసారిగా ఒత్తిడి పడితే కండపోగులు పగిలి, వాటిలోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీయొచ్చు. మూత్రం చిక్కటి టీ డికాక్షన్ రంగులో వచ్చినా, నొప్పి, వాపు విపరీతంగా ఉన్నా నీళ్లు తాగి పడుకుంటే సరిపోదు. ఎమర్జెన్సీకి వెళ్లాలి. మామూలు ఒళ్లు నొప్పి మాత్రం ఒకటి రెండు రోజులకు హెచ్చి, నాలుగైదు రోజుల్లో అదే పోతుంది.

కట్టు తర్వాత కాలికైతే బరువుకన్నా ముందు మెట్లు ఉన్నాయి. మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి నొక్కడం, కాలు చాపి ఎత్తడం, కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేవడం, ఆ తర్వాత తక్కువ ఎత్తు పీట మీద ఎడమకాలితో ఎక్కి దిగడం. ఒక్కో మెట్టూ ఎప్పుడు ఎక్కాలో ఎముక అతికిన తీరును బట్టి డాక్టరు, ఫిజియో చెప్పాలి. అవన్నీ నొప్పి లేకుండా వచ్చాక ఒంటికాలి లెగ్ ప్రెస్‌కి (మెషిన్‌లో కూర్చుని కాలితో బరువు తొయ్యడం) వెళ్లాను. అక్కడ నేను వాడిన పద్ధతి పాతకాలంది. రెండో ప్రపంచ యుద్ధంలో మోకాళ్లు దెబ్బతిన్న సైనికులకు షికాగోలోని సైనిక ఆసుపత్రిలో థామస్ డెలార్మ్ అనే యువ డాక్టరు బరువులతో చికిత్స చేశాడు. బరువంటేనే వైద్యులు భయపడే రోజులవి. 1948 నాటికి ఆయన పద్ధతి మూడు సెట్లకు కుదిరింది: మీరు సరిగ్గా పదిసార్లు ఎత్తగల బరువు కనుక్కోండి. అందులో సగంతో పది, ముప్పావుతో పది, పూర్తి బరువుతో పది. వారానికోసారి ఆ పదిరెప్స్ బరువు మళ్లీ చూసుకోండి. మొదటి రెండు సెట్లు కీలును వేడెక్కిస్తాయి, అసలు పని మూడోది చేస్తుంది. ఇంతకన్నా సులువైన పద్ధతి నాకు దొరకలేదు.

ఒక నియమం తప్పొద్దు. ఎప్పుడూ బలహీనమైన కాలితో మొదలుపెట్టండి. అది ఎనిమిది చేస్తే బాగున్న కాలు కూడా ఎనిమిదే చేయాలి. ఓపిక ఉంది కదా అని కుడికాలు పదిహేను చేస్తే తేడా ఎప్పటికీ పూడదు.

మెట్టు 4: వాడని కండకు ముందు పని నేర్పండి

ఇక్కడ బరువు రెండో సంగతి. మొదటిది, ఆ కండ అసలు పని చేస్తోందా అన్నది. బలమైన కండ పక్కదాని పని కూడా లాగేసుకుంటుంది. రో (బరువును ఒంటివైపు లాగడం) చేస్తుంటే వీపు బదులు జబ్బ కండ లాగుతుంది. స్క్వాట్‌లో పిర్రల బదులు నడుం మోస్తుంది. బరువు పెరుగుతూనే ఉంటుంది, కావలసిన కండ మాత్రం నిద్రలోనే ఉంటుంది. నేను మూడు నెలలు ఇలాగే లాట్ పుల్‌డౌన్ (తలపైనున్న బార్‌ను కిందికి లాగడం) చేసి, మోచేతుల నొప్పి తప్ప ఏమీ సంపాదించలేదు.

సరిచేసింది ఇలా. బరువు మూడోవంతుకు దించేశాను. కూర్చుని, చేతులు చాచి బార్ పట్టుకుని, మోచేతులు వంచకుండా భుజాల వెనక రెక్క ఎముకలను మాత్రం కిందికి దించి రెండు సెకన్లు పట్టడం. పది. తర్వాత మోచేతులను జేబుల్లోకి దింపుతున్నట్టు ఊహించుకుంటూ లాగడం. అరచేతితో లాగుతున్నాననుకుంటే జబ్బే పనిచేస్తుంది, మోచేతితో లాగుతున్నాననుకుంటే వీపు లేస్తుంది. మరుసటిరోజు చంక కింద పక్కన నొప్పి తగిలింది. అంత సంతోషం కలిగించిన నొప్పి ఇంకోటి లేదు.

కొత్త కండకు తరచుదనం ముఖ్యం. వారానికోసారి పది సెట్లు చంపుకునేకన్నా వారానికి మూడుసార్లు మూడేసి సెట్లు మేలు. సైకిల్ నేర్చుకునేవాడు ఆదివారం ఒక్కరోజే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తొక్కడు కదా. మొదటి నాలుగు వారాలు ఇంకో మూడు రెప్స్ మిగిలి ఉండగానే ఆపండి. అలసిన కండ తప్పుడు కదలికనే నేర్చుకుంటుంది. నాలుగు వారాల తర్వాత ఎనిమిది రెప్స్‌తో మొదలుపెట్టి, అదే బరువుతో మూడు సెట్లూ పన్నెండుకు చేరాకే కొద్దిగా బరువు పెంచి మళ్లీ ఎనిమిదికి రండి. చివరి సెట్‌లో ఒకటి రెండు రెప్స్ మాత్రమే మిగిలేదాకా ఇప్పుడు వెళ్లొచ్చు. కండ నిజంగా పెరిగేది ఇక్కడే.

పుల్-అప్ కావాలనుకునేవాళ్లకు నా దారి: రెండు నెలలు పుల్‌డౌన్, నడుమెత్తు బార్ కింద పడుకుని ఒంటిని పైకి లాగే రో. తర్వాత స్టూలు ఎక్కి గడ్డం బార్ పైన పెట్టి, అయిదు సెకన్లు లెక్కపెడుతూ మెల్లగా దిగడం. మూడు సార్లతో మొదలుపెట్టి ఆరుకు. దిగడంలో కండకు దెబ్బ ఎక్కువ, కాబట్టి వారానికి రెండుసార్లు చాలు. జిమ్ లేనివాళ్లకు గట్టి దూలమైనా చాలు, కానీ ముందు అది మీ బరువు మోస్తుందో లేదో చూసుకోండి.

మెట్టు 5: రెండూ ఒకే వారంలో

నేను సోమ, బుధ, శుక్రవారాలు వెళ్లేవాణ్ణి. మూడు రోజులూ మొదట వీపు, ఎందుకంటే నేర్చుకోవలసిన పని తాజాగా ఉన్నప్పుడే జరగాలి. సోమ, శుక్రవారాలు దాని తర్వాత కాలు. ఛాతీకి వారానికి ఒక్కసారే, మూడు సెట్లు. ఉన్న బలాన్ని నిలబెట్టుకోవడానికి, సంపాదించడానికి పట్టినంత పని అక్కర్లేదు. బరువు తగ్గించకుండా సెట్లు మూడోవంతుకు తగ్గించినా నెలల తరబడి నిలుస్తుంది. ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలామందికి వారంలో రెండు గంటలు మిగులుతాయి.

తిండి

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. బరువులెత్తేవాళ్లకు 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా పనికొస్తుంది, అది దాటాక పెద్దగా లాభం లేదు. 65 కిలోల మనిషికి ఇది 80 నుంచి 100 గ్రాములు. మన భోజనంలో చిక్కంతా ఇక్కడే. పళ్లెం నిండా అన్నం, దాని మీద పల్చటి పప్పుచారు. వంద గ్రాముల పచ్చి కందిపప్పులో 22 గ్రాముల ప్రోటీన్ ఉంది నిజమే, కానీ ఆ వంద గ్రాములను ఇంట్లో నలుగురు పంచుకుంటారు. గుడ్డుకు 6, గ్లాసు పాలకు 8, గుప్పెడు పల్లీలకు 7 గ్రాములు. శాకాహారులకు మీల్‌మేకర్ చవకైన దారి: పొడిగా తూచిన 50 గ్రాముల్లో 25 గ్రాములు దాటుతుంది. పౌడర్ డబ్బా తప్పనిసరి కాదు. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు కండ కోసం ప్రోటీన్ సప్లిమెంట్లు వద్దనే అంటున్నాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ప్రోటీన్ పెంచొద్దు.

తిరిగొచ్చే కండకు మొదటి రెండు వారాల్లో కనబడే ఉబ్బు ప్రోటీన్ వల్ల కూడా కాదు. కండలో గ్లైకోజెన్ (కండ దాచుకునే పిండిపదార్థం) మళ్లీ చేరుతుంది, ప్రతి గ్రాముతో దాదాపు మూడు గ్రాముల నీళ్లు పట్టుకొస్తుంది. విరామంలో మొదట కరిగిపోయినట్టు అనిపించినది చాలావరకు ఇదే.

ఎక్కడ ఆగిపోతుంది

తిరిగొచ్చే కండ పాత బరువు దగ్గరికి వచ్చి ఠక్కున నెమ్మదిస్తుంది. వారంవారం పెరిగింది ఇప్పుడెందుకు ఆగిందని చాలామంది ప్లాన్ మార్చేస్తారు, డబ్బాలు కొంటారు. ఏమీ తప్పు జరగలేదు. జ్ఞాపకం ఉన్నంత మేరకు పరిగెత్తింది, ఇక ఇక్కడి నుంచి అది కూడా కొత్త నేలే. మెట్టు 4లోని ఎనిమిది నుంచి పన్నెండు పద్ధతికి మారిపోండి.

వీపు విషయంలో దీనికి తలకిందులు. రెండు నెలలు బరువు పెరుగుతూ అద్దంలో ఏమీ కనబడదు, మూడో నెలలో బరువు కూడా ఆగినట్టు ఉంటుంది. చాలామంది అక్కడే మానేస్తారు. నేను కూడా ఒకసారి మానేశాను. మూడు వారాల తర్వాత వెళ్లి బార్ పట్టుకుంటే, మానేసిన చోటుకే రెండు సెషన్లలో వచ్చేశాను. నా వీపుకు కూడా కొద్దిగా జ్ఞాపకం పడిందని అప్పుడు తెలిసింది.

ఎడమ తొడ ఇప్పటికీ అర సెంటీమీటరు తక్కువే. కొలవడం మానేశాను. ఆ టేపు తిరిగి మా ఆవిడ కుట్టుమెషిన్ డ్రాయర్‌లోకి వెళ్లిపోయింది.